మంగ్లు గారి ఆఖరి లైను

మంగ్లు గారిని ఏదైనా అడిగితే సమాధానం చెప్పరు. ఎవరిని అడగాలో చెబుతారు. ఆయన గురించి ఇంతకుమించి తెలుసుకోవాల్సిందేమీ లేదని నేను మూడేళ్లపాటు అనుకున్నాను. అలా అనుకోవడం నా జీవితంలో చేసిన తెలివితక్కువ పనుల్లో మొదటి వరసలోది. దాని సంగతి తర్వాత చెబుతాను, ముందు ఆయన సంగతి వినండి.

"టైమెంతయింది మంగ్లు గారూ?" అంటే, చేతికి వాచీ ఉంటుంది, ఎదురుగా కంప్యూటరు ఉంటుంది, అయినా "గాయత్రమ్మనడగండి సార్, గడియారానికి ఎదురుగా కూకుంటాది" అనేవారు. "భోంచేశారా?" అంటే "బేబినడగాల" అనేవారు. బేబి ఆయన భార్య. క్యారేజీ సర్దేది ఆవిడే కాబట్టి అందులో న్యాయం లేకపోలేదు. ఒకసారి కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఎక్కడ నొప్పి అని అడిగింది. మంగ్లు గారు కాసేపు ఆలోచించి, "బేబికి ఫోను సెయ్యండి" అన్నారు. విచిత్రం ఏమిటంటే బేబి చెప్పింది. ఎడమ పక్క, రెండు రోజులనుంచి, అన్నం తిన్నాక ఎక్కువ. డాక్టరమ్మ ఆయనకు మందు రాసి, వాడే పద్ధతి ఫోనులో బేబికి వివరించింది.

నా పేరు లక్ష్మీప్రసాద్. మాది బొబ్బిలి దగ్గర. హుకుంపేటలో మా కాఫీ రైతుల సంఘం ఉంది, దాని కంప్యూటర్ల విభాగానికి నేను పెద్దని. విభాగం అంటే రేకుల షెడ్డు, మూడు బల్లలు, ఒక ఇన్వర్టరు, నేను, గాయత్రి, మంగ్లు గారు. అసలు పనంతా ఎక్కడో క్లౌడులో జరుగుతుంది. అక్కడ మాకు నాలుగు సర్వీసులున్నాయి. రైతుల పేర్లు, పట్టాలు చూసేది జావాలో ఉంది, దాన్ని విశాఖపట్నంలో ఒక కంట్రాక్టరు రాశాడు. పండు తెచ్చే వ్యాన్ల బుకింగు పైథాన్‌లో ఉంది, అది గాయత్రి రాసింది. తూకాలు చూసేది గో అనే భాషలో ఉంది. వాతావరణం చెప్పేది పీహెచ్‌పీలో ఉంది. దాన్ని ఎప్పుడో ఎవరో కాలేజీ పిల్లలు రాసి వెళ్లిపోయారు, ముట్టుకుంటే కూలుతుందని ఎవరూ ముట్టుకోరు. ఈ నాలుగూ ఒకదాని మాట ఒకటి వినవు. ఒకే ఇంట్లో మాటల్లేని నలుగురు తోడికోడళ్లలా ఉండేవి.

ఈ నాలుగింటికీ ముందు ఒక గేటు. రైతు ఫోనులో నొక్కినా, ఫోను చేసి మాట చెప్పినా, అది ఒక రిక్వెస్టుగా మారి ముందు ఈ గేటు దగ్గరికే వస్తుంది. గేటు దాని మీదున్న అడ్రసు చదివి, ఇది వ్యాను సంగతి, పైథాన్ దగ్గరికి పో, ఇది తూకం సంగతి, గో దగ్గరికి పో అని పంపుతుంది. ఏది ఎటు పోవాలో చెప్పే లైన్లన్నీ ఒక ఫైల్లో ఉంటాయి. పైనుంచి కిందికి చదువుకుంటూ వస్తుంది, ఏ లైనుకు సరిపోతే అటు పంపేస్తుంది. ఆ ఫైలుకి కాపలా మంగ్లు గారు. అంటే లోకంలో ఆయన స్వభావానికి అతికినట్టు సరిపోయే ఉద్యోగం ఒక్కటుంటే అది ఆయనకే దొరికింది.

"మా మావయ్య ఊరికి బారికి సార్," అని గాయత్రి చెప్పింది ఒకసారి. గాయత్రి మంగ్లు గారికి వరసకు మేనకోడలు, మావయ్య అంటే మంగ్లు గారే కాబోలు అనుకుని నేను తికమకపడితే, "తాత సార్, తాత. ఈయన నాన్న," అని సరిచేసింది. బారికి అంటే ఊరి కబుర్లు మోసే మనిషి. ఎవరి కబురు వాళ్లకే అందించాలి, మధ్యలో సొంత మాట కలపకూడదు. కొడుకు అదే పద్ధతిలో పెరిగాడు. ఆదివాసీ ఒరియా, కువి, తెలుగు మూడూ గడగడా మాట్లాడేవారు, మూడింట్లోనూ సమాధానం మాత్రం చెప్పేవారు కాదు.

ఒకసారి విజయవాడ నుంచి తనిఖీకి ఒక పెద్దాయన వచ్చారు. షెడ్డులో అందరికంటే వయసైనవాడు కనబడ్డాడని నేరుగా మంగ్లు గారి దగ్గరికి వెళ్లారు.

"మీ సంఘంలో రైతులెంతమంది?"

"పట్టాల సంగతి ప్రసాద్ సారునడగండి."

"రోజుకు ఎన్ని వ్యాన్లు తిరుగుతాయి?"

"గాయత్రమ్మనడగండి."

"మరి మీరేం చేస్తారు?"

మంగ్లు గారు ఆ ప్రశ్నని చాలాసేపు మనసులో తిప్పి చూసుకున్నారు. "సెక్రటరీ గారినడగండి. ఆర్డరు ఆరిచ్చినారు," అన్నారు. పెద్దాయన సెక్రటరీ దగ్గరికి వెళ్లారు. సెక్రటరీ గారు నన్నడగమన్నారు. నేను, నిజం చెప్పాలంటే, మంగ్లు గారినే అడగమన్నాను. ఆయన మళ్లీ మంగ్లు గారి బల్ల దగ్గరికి వెళ్లలేదు, కారెక్కి వెళ్లిపోయారు. రిపోర్టులో "సిబ్బంది మధ్య సమన్వయం బాగుంది" అని రాశారు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. రోజుకు నాలుగైదుసార్లు ఆయన ఫోను మోగేది. చెవి దగ్గర పెట్టుకుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా విని, పెట్టేసేవారు. తర్వాత కంప్యూటర్లో ఏదో కొట్టేవారు. బేబి తిడుతోందని నేనూ గాయత్రీ తీర్మానించాం.

"ఏమంటోంది మంగ్లు గారూ, ఇంటావిడ?" అనేవాణ్ని.

"ఆవిణ్నే అడగండి సార్," అని నవ్వేవారు.

ఇలా సాగుతుండగా నేను విశాఖపట్నంలో మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చాను. నాలాంటివాణ్ని శిక్షణకు పంపడం కోతికి కొబ్బరికాయ ఇవ్వడమే. అక్కడ రెడీమేడ్ గేటు చూపించారు. ఫైలు లేదు, లైన్లు లేవు, తెర మీద బొమ్మలు గీస్తే చాలు, రిక్వెస్టులు వాటంతట అవే దారి పట్టుకుంటాయి. దానికి కాపలా మనిషి అక్కర్లేదు. మంగ్లు గారి కాంట్రాక్టు ఆ అక్టోబరుతో అయిపోతోంది. నేను సెక్రటరీ గారికి ఒకటిన్నర పేజీ నోటు రాశాను, అందులో "ఆధునికీకరణ" అనే మాట ఐదుసార్లు వచ్చింది. ఆయన సంతకం పెట్టేశారు.

పాత ఫైల్లో లైన్లని కొత్త గేటులోకి మారుస్తుంటే ఆఖరి లైను దగ్గర ఆగాను. పైన ఉన్నవేవీ సరిపోని రిక్వెస్టులన్నీ ఆ లైనులో పడి, పెర్ల్ అనే ముసలి భాషలో రాసిన ఒక పదకొండు లైన్ల ప్రోగ్రాముకి పోతున్నాయి. మాకున్న నాలుగు భాషల గొడవ చాలదన్నట్టు ఐదోది.

"ఇదేమిటి మంగ్లు గారూ?"

"ఇంకే దారీ దొరకనివి అటెల్తాయి సార్."

"అటు వెళ్లి ఏమవుతాయి?"

"సిన్నమ్మలునడగండి."

"చిన్నమ్మలెవరు?"

"వరహాలునడగండి. వ్యానోడికి ఇల్లు తెల్సు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. చిన్నమ్మలునీ అడగలేదు, వరహాలునీ అడగలేదు. ఆ లైనులో పడినవి తీసి చూశాను. అన్నీ ఫోను చేసి వ్యాను అడిగినవే. యజమాని పేరు చెప్పమని మిషను అడుగుతుంది కదా, అక్కడ పేరు ఖాళీ. ఒక రికార్డింగు విన్నాను. గాలి హోరు, ఒక దగ్గు, తర్వాత కిసుక్కున నవ్వు. ఇంకోటి విన్నాను. ఇందులో నవ్వొక్కటే. ఎవరో పిల్లలు ఫోనుతో ఆడుకుంటున్నారని తేల్చేసి ఆ లైను కొట్టేశాను. దాని బదులు "పేరు సరిగా చెప్పలేదు, మళ్లీ ప్రయత్నించండి" అని ఒక మాట పెట్టాను. ఖర్చెందుకని నా గొంతుతోనే రికార్డు చేశాను, కాస్త గట్టిగానే.

మంగ్లు గారికి టీ, మిక్చరు పెట్టి వీడ్కోలు చెప్పాం. "ఇకమీదట ఏం చేస్తారు?" అని సెక్రటరీ గారు అడిగారు. "బేబినడగాల," అన్నారు. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెంప చెళ్లుమన్నట్టుంటుంది.

డిసెంబరులో కోతలు ముమ్మరమయ్యాయి. కాఫీ పండుతో చిక్కేమిటంటే, కోసిన రోజే యంత్రంలో వేసి తొక్క తీయాలి. ఒక రోజు దాటితే పులుస్తుంది, రెండు రోజులు దాటితే కంపు కొడుతుంది. అందుకే మాకు వ్యాన్లే ప్రాణం. నా కొత్త గేటు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. దారి దొరకని రిక్వెస్టులు సున్నా అని తెర మీద పచ్చగా చూపిస్తోంది. ఆ పచ్చని ఫోటో తీసి శిక్షణ ఇచ్చినాయనకు పంపాను కూడా.

ఒక రోజు మధ్యాహ్నం ఒక ముసలమ్మ, ఇద్దరు కోడళ్లు షెడ్డులోకి వచ్చారు. ముసలమ్మ తలమీది బుట్ట దించి నా బల్ల మీద, కీబోర్డు పక్కన పెట్టింది. నల్లబడిన కాఫీ పండు. వాసనకి గాయత్రి లేచి కిటికీ తెరిచింది.

"వ్యాను రానేదు బాబు," అంది ముసలమ్మ. "మూడు వారాలైపోనాది."

"మీరు ఫోను చేయలేదు కదమ్మా. మా దగ్గర ఒక్క బుకింగూ లేదు."

"సేసినాం బాబు. రోజూ సేసినాం."

"పేరు చెప్పారా?"

కోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నకోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నేనెక్కడో విన్నాను.

"పట్టా ఉన్నోడి పేరడుగుతాది," అంది ముసలమ్మ. "మా సిన్నకోడలు రత్న మొగుడి పేరు మీదున్నాది పట్టా. మొగుడి పేరు పెళ్లం నోటితో ఎలగంటాది బాబు? సెప్పకూడదు కదేటి. సిగ్గేసి నవ్వీసినాది."

"మగవాళ్ల చేత చేయించొచ్చు కదా?"

"ఆళ్లు బస్తాలు దింపుతారు. ఫోను పలికేది కొండ మీద ఒక్క బండ కాడే. మూడూళ్లోళ్లకీ అదే బండ, అదే ఫోను. పైకెక్కేది మా ఆడగుంటలే, ఈ కోడళ్లే."

"సోని నాన్న అని సెప్పినాను నాను," అంది రత్న నేల చూపులు చూస్తూ. సోని వాళ్ల కూతురు. కానీ ఆ కొండ మీద సోనిలు నలుగురున్నారట.

"మరి ఇన్నాళ్లూ వ్యాను ఎలా వచ్చింది?" అన్నాను.

"నవ్వితే సాలు బాబు, వచ్చీది. ఏ గుంట నవ్వో మంగ్లుకి తెల్సు. ఇప్పుడేటో కొత్తగా ఒక మగోడు కసురుతాడు, మళ్లీ సెయ్యండి, మళ్లీ సెయ్యండి అనీసి. మా గుంటలు అడిలిపోయి ఫోను కింద పడేసినారు."

గాయత్రి నావైపు చూడలేదు. అది నాకు చేసిన ఉపకారం.

"మీ పేరేమిటమ్మా?" అని అడిగాను, జవాబు తెలిసే అడిగాను.

"సిన్నమ్మలు," అంది.

మొగుడి పేరు పలకకూడదన్న సంగతి నాకు కొత్తదా అంటే కాదు. మా నానమ్మ బతికున్నన్నాళ్లూ తాతయ్య పేరు నోట రానివ్వలేదు. రేషను దుకాణంలో అడిగితే పక్కింటావిడ చెప్పేది, నానమ్మ తల ఊపేది. చిన్నప్పుడు నేనే సంచి పట్టుకుని పక్కన నిలబడి చూశాను. కంప్యూటరు ముందు కూర్చోగానే నానమ్మని మరిచిపోయాను. మూడు ఊళ్ల మొదటి కోత, అన్నింటికన్నా మంచి పండు, మూడు వారాలపాటు బుట్టల్లో కుళ్లింది. ఆ కోత మీద రత్న ఇంటికి రేకులు వేయించుకుందామనుకుందట. చిన్నమ్మలు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ సాయంత్రమే వరహాలు వ్యానులో మంగ్లు గారింటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని ట్రంకు పెట్టెకి తాడు కడుతున్నారు. కురుపాం వైపు ఇంకో రైతుల సంఘంలో పని దొరికింది, సోమవారం చేరాలి. విషయం చెప్పాను. పండు సంగతి వినగానే ఆయన చేతిలో తాడు ఆగిపోయింది.

"మూడూళ్లదీనా?" అన్నారు.

"మూడూళ్లదీ."

"నాను ఎల్లేటప్పుడు ఆళ్లకి సెప్పాల్సింది సార్. తమరు సూసుకుంటారనుకున్నాను."

నన్ను ఒక్క మాట అనకుండా తప్పు తన మీద వేసుకుంటుంటే ఇంకా కుంగిపోయాను. "ఇదంతా నాకెందుకు చెప్పలేదు మంగ్లు గారూ? ఆ లైను ఎందుకో ఒక్క ముక్క చెబితే కొట్టేసేవాణ్నా?"

"బేబినడగండి," అన్నారు తలొంచుకుని.

బేబి గుమ్మంలో చాట పట్టుకుని నిలబడి ఉంది. ఈసారి నేను నిజంగానే అడిగాను.

"ఏటి సెప్తాడు బాబు?" అంది. "ఆడగుంటలు సిగ్గుపడి నవ్విన నవ్వులవి. ఆఫీసులో తెలిస్తే అందరూ ఆ కంప్యూటరు డబ్బాలో పెట్టుకుని ఇంటారు, ఎకసెక్కాలాడతారు. మళ్లీ ఆళ్లు ఆ బండెక్కుతారేటి? అందుకే ఆ నవ్వులన్నీ తన ఫోనుకే వచ్చేలా పెట్టుకున్నాడు. నాకే రెండేళ్లకి సెప్పినాడు. ఏ ఆడదో ఫోన్లో నవ్వుతోందని నాను ఇల్లు పీకి పందిరేసినాక."

ఆ రికార్డింగులు విని, పిల్లలాటని గాయత్రికి కూడా వినిపించి నవ్వినవాణ్ని నేనే. పైగా ఆయన నాకు చెప్పకపోలేదు. చిన్నమ్మలునడగండి అన్నారు. ఇల్లు తెలిసినవాడి పేరు కూడా చెప్పారు. వ్యానెక్కితే నలభై నిమిషాల దారి. ఆసుపత్రిలో ఆ ఒక్కసారి తప్ప, మూడేళ్లుగా ఆయన ఎవరిని అడగమన్నారో వాళ్లని నేనెప్పుడూ అడగలేదని అప్పుడు తట్టింది.

"తిరిగి రండి," అన్నాను. "సెక్రటరీ గారితో నేను మాట్లాడతాను."

"మాటిచ్చీసినాను సార్. అక్కడా నాలుగు ఊళ్లున్నాయి." ఇది మాత్రం ఎవరినీ అడగమనకుండా ఆయనే చెప్పారు. ఆయన నోటినుంచి నేను విన్న సూటి జవాబు అదొక్కటే, అది కూడా రానని.

వెళ్లొస్తానంటే ఒక నోటుబుక్కు తెచ్చి చేతిలో పెట్టారు. వ్యానులో కూర్చుని తెరిచి చూశాను. ఎర్ర సిరాతో, చిన్న చిన్న అక్షరాలతో, ఇంటికో లైను. "రత్న: ముందు దగ్గు, తర్వాత నవ్వు, వెనకాల కోడి. దిగువ ఊరు." "రత్నాలు: నవ్వదు. నోటికి చెయ్యి అడ్డం పెడుతుంది, గాజులు వినబడతాయి. ఎగువ ఊరు." "మంగమ్మ: నవ్వు ఆపుకుంటుంది, ముక్కులోంచి వస్తుంది. ఆవలి ఊరు." "జమున: కొత్త కోడలు. పక్కవాళ్లే నవ్వుతారు, ఈమె కాదు. తొందరపడొద్దు, ఆగి వినాలి." అలా ముప్పై ఎనిమిది ఇళ్లు.

మిషను ఆడవాళ్ల సొంత పేర్లే అడిగితే సరిపోతుంది కదా అంటారు మీరు. గాయత్రి తన వంతు పని రెండు రోజుల్లో చేసేసింది. కానీ పట్టాల సర్వీసు జావాలో ఉంది, విశాఖపట్నం కంట్రాక్టరు వచ్చే పంటకి గాని కుదరదన్నాడు. ఈ పంట గట్టెక్కాలంటే ఆఖరి లైను ఉండాల్సిందే. మళ్లీ పెట్టాను. నా కసురు గొంతు తీసేసి, ఆ లైనుని నా ఫోనుకి కలిపాను.

మొదటి రోజే ఫోను మోగింది. దగ్గు, నవ్వు, వెనకాల కోడి. రత్న, దిగువ ఊరు. గర్వంగా వరహాలుని పంపాను. గంట తర్వాత వాడు ఫోను చేశాడు.

"ఈళ్లెవులూ పిలవనేదట సార్."

"మరి వచ్చేయ్."

"ఎలగొత్తాను? పండు ఎక్కించీసినారు. పిలవకుండానే వచ్చినాది, మంచి వ్యాను అంతన్నారు."

కోడి కొండ మీద అందరికీ ఉంటుందన్న సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. పిలిచింది ఎగువ ఊరివాళ్లు. రెండో వ్యాను పట్టుకుని పంపేసరికి పొద్దు వాలింది, అయినా పండు అందింది. నా కసురుకి బెదిరినవాళ్లు ఆ వారంలో ఆరుసార్లే పిలిచారు, అందులో నేను సరిగ్గా పట్టుకున్నది రెండే. నాలుగుసార్లు వ్యాను కొండ చుట్టూ తిరిగింది. ప్రతిసారీ కురుపాంలో ఏదో ఆఫీసులో కూర్చుని ఫోను చెవి దగ్గర పెట్టుకుని నోరు మూసుకుని వింటున్న మనిషి గుర్తొచ్చేవారు, నా మీద నాకే కోపమొచ్చేది.

సంత రోజున చిన్నమ్మలు షెడ్డుకి వచ్చింది. మళ్లీ ఏ బుట్ట దించుతుందోనని లేచి నిలబడ్డాను. ఉత్త చేతులే.

"నీకు మా నవ్వులు తెల్దు బాబు," అంది.

"తప్పు నాదేనమ్మా. నేర్చుకుంటున్నాను."

"మంగ్లుకీ మొదట్లో తెల్దు. ఒక పంటంతా తిప్పినాడు వ్యానుని." కుర్చీ చూపిస్తే కూర్చోకుండా నిలబడే చెప్పింది. "మా గుంటలకి సెప్పినానులే. కొత్తోడు, పాపం, బేగి నవ్వీసి ఫోను పెట్టీయకండి, ఆడికి అందేదాకా ఉండండి అనీసి."

మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది. ముందు గాలి, తర్వాత గాజులు, తర్వాత నవ్వు. గాజులంటే రత్నాలు, కానీ రత్నాలు నవ్వదు కదా. నోటుబుక్కు తిప్పాను. ఒక పేజీ, రెండో పేజీ, మూడో పేజీ. పక్కన గాయత్రి తనూ వేలు పెట్టి వెతుకుతోంది. మేము దొరకబుచ్చుకుని వరహాలుకి ఊరి పేరు చెప్పేదాకా ఆ అమ్మాయి ఆ కొండ మీద, బండ పక్కన నిలబడి, ఊపిరి తీసుకోవడానికి మధ్యలో ఆగుతూ, మళ్లీ మొదలెడుతూ, ఓపిగ్గా నవ్వుతూనే ఉంది.